విద్యుత్ పరికరాల కొనుగోలు ఒప్పందాల్లో పనితీరు పరీక్షలు: పశ్చిమ ప్రకాశం

ట్రాన్స్‌ఫార్మర్, మోటారు పంపుసెట్టు, బ్రేకర్ వంటి విద్యుత్ పరికరాలు కొనేటప్పుడు, అవి చెప్పిన మేరకు పనిచేస్తాయో లేదో తేల్చే షరతులను ఒప్పందంలో ముందే రాసుకుంటారు. ఏ పరీక్ష చేయాలి, ఏ ప్రమాణం ప్రకారం చేయాలి, ఎక్కడ, ఎవరి ఎదుట చేయాలి, ఫలితం ఏ అంకె దాటకూడదు, దాటితే ఏం చేయాలి అన్నవి వీటిలో ఉంటాయి. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి భాగంలోని మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం, దోర్నాల ప్రాంతాల్లో ఈ షరతుల ఫలితం ఎక్కువగా పొలం గట్టు మీది ట్రాన్స్‌ఫార్మర్‌లోనే కనిపిస్తుంది. అందువల్ల ఈ వ్యాసం ప్రధానంగా దాని గురించే.

ప్రాంతం, సరఫరా

1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లా నుంచి వచ్చి అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు. నల్లమల అంచున వాన తక్కువగా పడే మెట్ట నేల ఇది. కంభం చెరువు, గుండ్లకమ్మ పరివాహకం కింద కొంత తడి ఉన్నా, మిర్చి, పత్తి, కంది వేసే రైతుకు దిక్కు చాలావరకు బోరే. నీళ్ళు వందల అడుగుల లోతున ఉంటాయి కాబట్టి ప్రతి బోరుకూ సబ్‌మెర్సిబుల్ మోటారు, కొన్ని మోటార్లకు కలిపి ఒక ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మార్కాపురం పలకల పరిశ్రమలో రాయి కోసే యంత్రాలు నడిచేదీ కరెంటు మీదే.

1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ మండలి 1999లో ఉత్పత్తి, సరఫరా సంస్థలుగా విడిపోయింది. 2000లో నాలుగు పంపిణీ సంస్థలు (డిస్కంలు) వచ్చాయి. ప్రకాశం జిల్లా మొదట తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కంలో ఉండేది. 2019 డిసెంబరులో విజయవాడ కేంద్రంగా మధ్య డిస్కం ఏర్పడినప్పుడు కృష్ణా, గుంటూరు జిల్లాలతో పాటు అందులోకి మారింది. కొనుగోళ్ళు డిస్కం స్థాయిలో ఈ-ప్రొక్యూర్‌మెంట్ టెండర్ల ద్వారా జరుగుతాయి. గిద్దలూరు పొలంలో ఎక్కే ట్రాన్స్‌ఫార్మర్ నాణ్యత ఆ టెండరు కాగితంలోని పరీక్షల అధ్యాయంలోనే నిర్ణయమైపోతుందన్నమాట. ఆ అధ్యాయాన్ని టెండరు వేసేవాళ్ళు తప్ప మరొకరు చదవడం అరుదు.

2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఉంది. ఆ తర్వాతి కాలంలో అధిక వోల్టేజీ పంపిణీ పద్ధతి వ్యాపించింది. పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ నుంచి పొడుగాటి తక్కువ వోల్టేజీ (ఎల్టీ) లైను లాగకుండా, 11 కేవీ లైనునే బావి దగ్గరదాకా తెచ్చి 16 లేదా 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడం ఈ పద్ధతి. లైను నష్టం తగ్గింది, కరెంటు దొంగిలించే కొక్కేలు తగ్గాయి. అయితే ట్రాన్స్‌ఫార్మర్ల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. ఒక్కొక్కదాని మీద శ్రద్ధ పెట్టే మనిషి మాత్రం ఆ లెక్కన పెరగలేదు. పొలంలో చూసేవాళ్ళు తక్కువైనకొద్దీ కొనేటప్పుడు చేసే పరీక్ష మీద భారం పెరుగుతుంది.

ఏ ప్రమాణం

పంపిణీ ట్రాన్స్‌ఫార్మర్లకు భారతీయ ప్రమాణం ఐఎస్ 1180. 2014లో సవరించిన మొదటి భాగం 2500 కేవీఏ, 33 కేవీ వరకు వర్తిస్తుంది. ఆ తర్వాత కేంద్రం నాణ్యతా నియంత్రణ ఉత్తర్వుతో వీటికి ఐఎస్ఐ గుర్తును తప్పనిసరి చేసింది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్లకు ఐఎస్ 2026 ఉంది, దానికి అంతర్జాతీయంగా సాటి వచ్చేది ఐఈసీ 60076. 1969లో ఏర్పడిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ తెచ్చిన నిర్మాణ ప్రమాణాల ప్రభావం కూడా డిస్కంల స్పెసిఫికేషన్ల మీద ఉంది.

ప్రమాణంలో పరీక్షలు మూడు తరగతులు. తయారైన ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కూ చేసేవి రొటీన్ పరీక్షలు: వైండింగ్ నిరోధం, నిష్పత్తి, వెక్టర్ గ్రూపు, ఇంపెడెన్స్, లోడు లేనప్పటి నష్టం, లోడు మీది నష్టం, ఇన్సులేషన్, అధిక వోల్టేజీ తట్టుకోవడం వంటివి. ఒక డిజైనుకు ప్రతినిధిగా ఒక నమూనా మీద చేసేవి టైపు పరీక్షలు: పిడుగు తరంగాన్ని పోలిన ఇంపల్స్, ఉష్ణోగ్రత పెరుగుదల, షార్ట్ సర్క్యూట్. కొనేవాడు అడిగితే చేసేవి ప్రత్యేక పరీక్షలు. మూడో తరగతిని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు కానీ ఒప్పందానికి అదే కీలకం. టెండరులో రాస్తేనే అది బాధ్యత అవుతుంది. రాయకపోతే, ప్రమాణంలో ఉన్నా అడిగే హక్కు ఉండదు.

అంకె ఒక్కటే చాలదు

25 కేవీఏ, 11 కేవీ మూడు ఫేజుల ట్రాన్స్‌ఫార్మర్‌నే తీసుకుందాం. ఐఎస్ 1180లో రెండో సామర్థ్య స్థాయికి మొత్తం నష్టం సగం లోడు దగ్గర 190 వాట్లు, పూర్తి లోడు దగ్గర 635 వాట్లు దాటకూడదు. మొదటి స్థాయికి ఇవే 210, 695. మూడో స్థాయికి 175, 595. ఇవి గరిష్ఠ పరిమితులు, వీటి మీద ప్లస్ టాలరెన్స్ లేదు. 191 వాట్లు వచ్చినా తప్పినట్టే.

రెండు చోట్ల కొలవమనడంలో తెలివి ఉంది. కోర్‌లో పోయే నష్టం లోడుతో సంబంధం లేకుండా స్థిరంగా ఉంటుంది. వైండింగ్‌లో పోయేది కరెంటు వర్గాన్ని బట్టి మారుతుంది. సగం లోడు దగ్గర వైండింగ్ నష్టం పూర్తి లోడులో నాలుగో వంతే. రెండు పరిమితులనూ సరిగ్గా తాకే యంత్రానికి లెక్క కడితే వైండింగ్ నష్టం సుమారు 593 వాట్లు, కోర్ నష్టం సుమారు 42 వాట్లు. తయారీదారు చౌక రకం స్టాంపింగులు వేసి కోర్ నష్టం పెంచుకుంటే, దాన్ని పూడ్చడానికి వైండింగ్‌లో లోహం ఎక్కువ పెట్టక తప్పదు. పూర్తి లోడు అంకె ఒక్కటే అడిగితే, కోర్‌లోని ఆ ఆదా బయటపడదు.

మొదటి రెండు స్థాయిల మధ్య సగం లోడు దగ్గర 20 వాట్ల తేడా చిన్నదిగా కనిపిస్తుంది. ఏడాది పొడవునా సగం లోడు మీద నడిచే యంత్రంలో అది 175 యూనిట్లు. ఒక పొలానికి అది ఏమంత కాదు కానీ, డిస్కం కొనే ట్రాన్స్‌ఫార్మర్లన్నిటికీ, వాటి జీవితకాలమంతటికీ కలిపితే పెద్ద ఖర్చు. సబ్‌స్టేషన్లలోని పవర్ ట్రాన్స్‌ఫార్మర్ల టెండర్లలో నష్టాన్ని డబ్బుగా మార్చి ధరకు కలిపి పోల్చే పద్ధతి అందుకే వచ్చింది. చౌకగా కోట్ చేసి ఎక్కువ నష్టం చూపేవాడు ఆ లెక్కలో వెనకబడిపోతాడు. హామీ ఇచ్చిన నష్టం కన్నా పరీక్షలో ఎక్కువ తేలితే, అదే రేటున ధరలో కోత పడుతుంది. ఒక హద్దు దాటితే సరుకే తిరస్కరిస్తారు. తక్కువ తేలినందుకు బోనస్ మాత్రం సాధారణంగా ఉండదు.

ఒప్పందంలో రాయకపోతే పెద్ద మోసానికి తావిచ్చే విషయం మరొకటి ఉంది. అది రెఫరెన్స్ ఉష్ణోగ్రత. చల్లగా ఉన్నప్పుడు వైండింగ్ నిరోధం తక్కువ, కాబట్టి నష్టమూ తక్కువే కనిపిస్తుంది. 30 డిగ్రీల దగ్గర కొలిచిన రాగి నిరోధాన్ని 75 డిగ్రీలకు మార్చాలంటే 310ని 265తో భాగించి వచ్చే 1.17తో గుణించాలి. అల్యూమినియంకూ ఇంచుమించు ఇంతే. అంటే వర్క్‌షాపులో 30 డిగ్రీల దగ్గర కొలిచిన అంకెను అలాగే రిపోర్టులో వేస్తే, వైండింగ్ నష్టం వేడెక్కిన యంత్రంలో ఉండేదానికన్నా 15 శాతం దాకా తక్కువ కనిపిస్తుంది. దొంగ రీడింగు ఒక్కటీ లేకుండానే ఫెయిల్ కావలసిన ట్రాన్స్‌ఫార్మర్ పాసైపోతుంది. నష్టాలు 75 డిగ్రీలకు సరిచేసి చూపాలి అన్న ఒక్క వాక్యం ఈ దారి మూసేస్తుంది. కొలిచిన నాటి ఆయిల్ ఉష్ణోగ్రత, మీటర్ల క్లాసు, వాటి క్యాలిబ్రేషన్ గడువు తేదీ కూడా రిపోర్టులో ఉండాలని అడగడం దీనికి తోడు.

పరీక్ష బల్ల దగ్గర

రొటీన్ పరీక్షలు జరిగే తీరు చూస్తే ఇన్స్పెక్షన్‌కు వెళ్ళిన ఇంజనీరు దేని మీద కన్నేయాలో తెలుస్తుంది. లోడు నష్టం కొలిచేటప్పుడు తక్కువ వోల్టేజీ (ఎల్వీ) వైపు మూడు ఫేజులనూ లావుపాటి రాగి పట్టీలతో షార్ట్ చేసి, అధిక వోల్టేజీ (హెచ్‌వీ) వైపు వోల్టేజీని మెల్లగా పెంచుతారు. 25 కేవీఏ యంత్రానికి హెచ్‌వీలో పూర్తి కరెంటు 1.31 ఆంపియర్లు, ఎల్వీలో 33.3 ఆంపియర్లు. ఇంపెడెన్స్ 4.5 శాతమైతే 495 వోల్టుల దగ్గరే పూర్తి కరెంటు వచ్చేస్తుంది. అక్కడ వాట్‌మీటర్ చూసి రాసుకుంటారు. షార్ట్ చేసిన పట్టీల బోల్టు వదులుగా ఉంటే ఆ జాయింటులో పోయే నష్టం కూడా ట్రాన్స్‌ఫార్మర్ ఖాతాలో పడుతుంది. అందుకే బోల్టు బిగింపు మీద తయారీదారుడికే ఎక్కువ శ్రద్ధ ఉంటుంది. కొనేవాడు చూడవలసింది వేరే: కరెంటు నిజంగా 1.31 ఆంపియర్లకు చేరిందా, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ (సీటీ) నిష్పత్తి మీటరుకు సరిపోయిందా అన్నది. తర్వాత హెచ్‌వీ వైపు వేరే సప్లై నుంచి 28 కేవీ, ఎల్వీ వైపు 3 కేవీ ఒక్కో నిమిషం ఇస్తారు. రెట్టింపు ఫ్రీక్వెన్సీతో రెట్టింపు వోల్టేజీ ఇచ్చి టర్నుల మధ్య ఇన్సులేషన్ పరీక్షిస్తారు. ఫ్రీక్వెన్సీ పెంచకుండా వోల్టేజీ రెట్టింపు చేస్తే కోర్ శాచురేట్ అవుతుంది, పరీక్షే కుదరదు.

లాటు మొత్తాన్ని ఇలా చూడడం కష్టం కాబట్టి ఇన్స్పెక్టరు తనకు నచ్చినవి కొన్ని ఎంచుకుంటాడు. ఎంపిక తయారీదారు చేతికి వెళ్ళకూడదు. పాసైనవాటికి నంబర్లున్న సీళ్ళు వేసి ఆ నంబర్లు రిపోర్టులో రాస్తారు. డిస్కం స్టోర్స్‌కు చేరాక సీలు నంబరు కలవాలి. స్టోర్స్ నుంచి మళ్ళీ ఒకటి తీసి మూడో పక్షం ప్రయోగశాలకు పంపే షరతు, ఒకదాన్ని విప్పి వైండింగ్, కోర్ బరువులు తూచే షరతు ఉన్న ఒప్పందాలు గట్టివి. ఫ్యాక్టరీలో చూసిన ట్రాన్స్‌ఫార్మరూ స్టోర్స్‌కు వచ్చిన ట్రాన్స్‌ఫార్మరూ ఒకే నాణ్యతతో ఉన్నాయని రుజువు చేయడానికి ఇంతకన్నా నమ్మకమైన మార్గం లేదు.

వేడి, షార్ట్ సర్క్యూట్

పశ్చిమ ప్రకాశానికి నిజంగా ముఖ్యమైనవి ఈ రెండు టైపు పరీక్షలు. ఐఎస్ 1180 ప్రకారం చుట్టూ ఉన్న గాలి మీద ఆయిల్ పైభాగం 35 డిగ్రీలు, వైండింగ్ సగటున 40 డిగ్రీలు మించి వేడెక్కకూడదు. ఎండాకాలం మధ్యాహ్నం గాలి 44 డిగ్రీలుంటే పూర్తి లోడు మీద వైండింగ్ సగటు 84కు చేరుతుంది. లోపలి కాగితం ఇన్సులేషన్ ప్రతి 6 డిగ్రీల అదనపు వేడికీ ఇంచుమించు రెట్టింపు వేగంతో పాడవుతుంది. పరీక్షలో 40 బదులు 46 డిగ్రీలు వచ్చిన డిజైను పాసైపోతే, అది గంటలో కాలిపోదు. గ్యారంటీ ముగిశాక కాలిపోతుంది. కొన్నవాడికి తేడా కనిపించేది అప్పుడే.

షార్ట్ సర్క్యూట్ పరీక్ష మరీ కఠినం. 4.5 శాతం ఇంపెడెన్స్ ఉంటే షార్ట్ పడినప్పుడు పూర్తి కరెంటుకు 22 రెట్లు ప్రవహిస్తుంది. వైండింగుల మధ్య తోపుడు బలం కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది సుమారు 490 రెట్లు. ఎల్టీ లైన్లలో తీగలు గాలికి తగులుకోవడం, తాటాకు పడడం, ఫ్యూజు బదులు లావు తీగ కట్టడం ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మర్ ఇలాంటి దెబ్బలు ఎన్నోసార్లు తినాలి. పరీక్ష తర్వాత రియాక్టెన్స్ ఎంత మారిందో కొలిచి, విప్పి కళ్ళతో చూసి తేలుస్తారు.

ఈ పరీక్షలు చేసే శాల మన ప్రాంతంలో లేదు. 1960లో బెంగళూరు కేంద్రంగా ఏర్పడిన కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ, 1974 నాటి వడోదరలోని విద్యుత్ పరిశోధన, అభివృద్ధి సంఘం ఇందుకు పేరున్నవి. హైదరాబాదులో కేంద్ర సంస్థకు అత్యధిక వోల్టేజీ ప్రయోగశాల ఉంది. పెద్ద పవర్ ట్రాన్స్‌ఫార్మర్లను షార్ట్ సర్క్యూట్ పరీక్షకు ఒకప్పుడు నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్‌కు ఓడలో పంపేవారు. మధ్యప్రదేశ్‌లోని బీనాలో జాతీయ అధికశక్తి పరీక్షాశాల వచ్చింది ఆ లోటు తీర్చడానికే. నమూనాను పంపి రిపోర్టు తెప్పించే ఖర్చు ఎవరిది, ఫెయిలైతే మళ్ళీ పంపే ఖర్చు ఎవరిది, ఆ ఆలస్యం డెలివరీ గడువులో కలుస్తుందా అన్నవి ముందే రాసుకోవాలి. పాత రిపోర్టు ఎన్నేళ్ళ వరకు చెల్లుతుందో కూడా రాయాలి. డ్రాయింగు నంబరు, వైండింగ్ లోహం మారినా అదే రిపోర్టు చూపించడం కొనుగోలుదారు ఊరుకోకూడని పని.

ఎక్కించే చోట

పొలంలో నిలబెట్టాక చేసే పరీక్షలు తక్కువే. మెగ్గర్‌తో ఇన్సులేషన్, ఆయిల్ బ్రేక్‌డౌన్ వోల్టేజీ, ఎర్తింగ్ నిరోధం. వీటిలో ఈ నేలకు అసలు సమస్య ఎర్తింగ్. కంభం పలకరాయి పొరలు పైకి తేలిన చోట పైపు గట్టిగా దిగదు, దిగినా ఎండకు నేలలో తేమ ఆరి నిరోధం పెరిగిపోతుంది. ఎర్తింగ్‌కు ఐఎస్ 3043 ఉంది. కాంట్రాక్టరు వానల తర్వాత సెప్టెంబరులో కొలిచి ఇచ్చిన రీడింగు ఏప్రిల్‌లో ఏమాత్రం నిలవదు. ఎండాకాలపు రీడింగే చెల్లుతుందని, మూడు మేకుల పద్ధతిలో డిస్కం సహాయక ఇంజనీరు (ఏఈ) ఎదుట కొలవాలని ఒప్పందంలో ఉండాలి. న్యూట్రల్ ఎర్తింగ్ పాడైతే వోల్టేజీ ఒక ఫేజులో ఎగసి ఊళ్ళో టీవీలు, ఫ్యాన్లు కాలిపోతాయి. ఇనుప స్తంభం తాకిన పశువు, మనిషి ప్రాణానికే ముప్పు.

రిపేరు ఒప్పందాల్లో పరీక్షల భాగం మరింత బలహీనంగా ఉంటుంది. కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను రీవైండింగ్ చేసి పంపేటప్పుడు కొత్తదానికి పెట్టిన నష్టం పరిమితి దానికి సాధారణంగా పెట్టరు. కోర్ పాతది, దాన్ని విప్పి మళ్ళీ అమర్చేటప్పుడు సందులు పెరుగుతాయి, నష్టం పెరుగుతుంది. రిపేరు తర్వాత కనీసం లోడు లేనప్పటి నష్టం కొలిచి నమోదు చేసే షరతు ఉంటే, ఏ యంత్రాన్ని ఇక తుక్కు కింద పంపాలో అంకెలే చెబుతాయి.

చట్టం ఎక్కడ నిలుస్తుంది

పరీక్ష ఫెయిలైనప్పుడు చట్టపరంగా ఆధారం రెండు చోట్ల ఉంది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 41వ సెక్షన్ ప్రకారం, ముందే చూడని సరుకును పరీక్షించడానికి సహేతుకమైన అవకాశం దొరికేదాకా కొనుగోలుదారు అంగీకరించినట్టు కాదు. 42వ సెక్షన్ దీనికి హద్దు: సరుకును సొంతదిగా వాడుకున్నా, తిరస్కరిస్తున్నానని చెప్పకుండా సహేతుకమైన కాలం అట్టే పెట్టుకున్నా అంగీకరించినట్టే. పొలంలో ఎక్కించి కరెంటు ఇచ్చాక తిరస్కరణ కష్టమయ్యేది ఇందుకే. ఫ్యాక్టరీలో జరిగిన ఇన్స్పెక్షన్ తర్వాతి తిరస్కరణ హక్కును పోగొట్టదని ఒప్పందంలో స్పష్టంగా రాసుకోవడం తప్పనిసరి.

జరిమానాలకు 1872 ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ ఆధారం. రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, న్యాయస్థానం ఇప్పించేది అందులో సహేతుకమైనది. నష్టాన్ని ముందే నిజాయితీగా అంచనా వేసిన మొత్తమైతే నష్టాన్ని విడిగా రుజువు చేయనక్కర్లేదని 2003లో సుప్రీంకోర్టు ఓఎన్‌జీసీ, సా పైప్స్ కేసులో చెప్పింది. వాట్ల లెక్కన కోత పెట్టే పద్ధతి ఈ అంచనాకు మంచి ఉదాహరణ.

చిన్న తయారీదారుల పక్షాన 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొన్నవాడు 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, సరుకు చేరిన రోజే అంగీకరించినట్టు. ఒప్పందంలో ఏమి రాసుకున్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. స్టోర్స్ నమూనా రిపోర్టు నెలల తర్వాత వచ్చే పద్ధతికీ ఈ గడువుకూ పొసగదు. ఆ నమూనాను సరుకు చేరిన వారంలోనే ప్రయోగశాలకు పంపడం డిస్కం తనను తాను కాపాడుకునే మార్గం.

ఒప్పందంలో లేని రైతు

ఈ కాగితాలన్నిటిలో సంతకాలు డిస్కంవి, తయారీదారువి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే పైరు ఎండేది రైతుకు. ఒప్పందంలో భాగస్తుడు కానందున తయారీదారును అతడు ఏమీ అడగలేడు. అతనికున్న హక్కు విద్యుత్ నియంత్రణ మండలి సేవా ప్రమాణాల్లో ఉంది: పల్లెల్లో పాడైన ట్రాన్స్‌ఫార్మర్‌ను 48 గంటల్లో, పట్టణాల్లో 24 గంటల్లో మార్చాలి. గడువు తప్పితే పరిహారం అడగవచ్చు.

రైతు వైపు తప్పునూ నిజాయితీగా రాయాలి. 25 కేవీఏ మీద ఐదు హార్స్‌పవర్ మోటార్లు మూడు హాయిగా నడుస్తాయి. ఐదు నడిపితే ఓవర్‌లోడే. పైగా ఆటో స్టార్టర్లు పెట్టడంతో కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒకే క్షణాన స్టార్టవుతాయి. ఏ ఫ్యాక్టరీ పరీక్షా ఈ పరిస్థితిని లెక్కలోకి తీసుకోదు. తయారీదారు గ్యారంటీ తప్పించుకోవడానికి చూపే మొదటి కారణమూ ఇదే. ఓవర్‌లోడు వల్ల కాలిందా, లోపం వల్ల కాలిందా అన్నది విప్పి చూసి ఉమ్మడిగా తేల్చే విధానం ఒప్పందంలో లేకపోతే ఈ వాదన తెగదు.

రైతు తానే చేసే ఒప్పందం ఒకటుంది, మోటారు కొనడం. సబ్‌మెర్సిబుల్ పంపుసెట్లకు ఐఎస్ 8034, వాటి మోటార్లకు ఐఎస్ 9283, వ్యవసాయ పంపుల అంగీకార పరీక్షకు ఐఎస్ 11346 ఉన్నాయి. పంపు పరీక్షలో అడగవలసింది హార్స్‌పవర్ కాదు. ఏ లోతు నుంచి సెకనుకు ఎన్ని లీటర్లు, అప్పుడు ఎన్ని కిలోవాట్లు అన్నది. 100 మీటర్ల నుంచి సెకనుకు 2 లీటర్లు తోడడానికి నీటికి అందే శక్తి 1.96 కిలోవాట్లు. లైను నుంచి 4.9 కిలోవాట్లు లాగితే సామర్థ్యం 40 శాతం. వేసవిలో నీటిమట్టం 150 మీటర్లకు దిగితే ఈ అంకెలన్నీ మారతాయి, కాబట్టి బిల్లు మీద ఒక్క లోతు కాకుండా పంపు పనిచేసే లోతుల పరిధి రాయించుకోవాలి. ఐఎస్ 9283 మోటారు రేటింగు వోల్టేజీకి 15 శాతం తగ్గినా పూర్తి శక్తి ఇవ్వాలంటుంది. 415 వోల్టులకు అది 353. లైను చివరన ఉన్న బోరు దగ్గర మోటారు నడుస్తుండగా స్టార్టర్ బోర్డులోని వోల్ట్‌మీటర్ ఆ అంకె కన్నా కిందకు దిగితే, ఆ కరెంటు మీద కాలిపోయిన మోటారుకు అమ్మినవాడి గ్యారంటీ వర్తించదు. ఫిర్యాదు వెళ్ళవలసింది సెక్షన్ ఆఫీసులోని ఏఈకి, రీడింగు తేదీ, సమయంతో సహా.